పట్టాభిషేకం దాటిన కథ

రామాయణం చదివేవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలుసు. పట్టాభిషేకం దగ్గర పుస్తకం మూసి, కొబ్బరికాయ కొట్టి, మంగళం పాడి, వడపప్పు పంచిపెట్టి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ఆ తరవాత ఉత్తరకాండ ఉందని అందరికీ తెలుసు. అయినా ఇళ్లలో చదవరు. సీతమ్మను అడవికి పంపిన సంగతి మళ్లీ వినడానికి ఎవరికి మనసొప్పుతుంది? చదివితే ఇంటికి కీడని మా అమ్మ కూడా అనేది. ఈపాటి ఇంగితం ఇరవై రెండేళ్ల వయసులో నాకు లేకపోయింది. మెట్రిక్యులేషన్ ప్యాసైన బుర్ర కదా, అందులో ఇంగితానికి చోటెక్కడిది! దాని ఫలితంగా ఒక వానాకాలమంతా గోదావరి మధ్యలో కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

అప్పుడు నేను రాజమండ్రికి దిగువన ఒక లంకలో ఇద్దరు పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పనిలో ఉన్నాను. లంకంటే వేరే ఏముంది, గోదావరి రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలిపెట్టిన మెరక. నాలుగు వైపులా నీళ్లే. పొగాకు బాగా పండుతుంది. ఆ లంకలో సగానికి పైగా ఒక్క ఇంటివాళ్లదే. ఆ ఇంటి పెద్దను, అంటే నేను చదువు చెప్పే పిల్లల తాతను, అందరూ కామందుగారనేవారు. డెబ్భై దగ్గరి వయసు. ముందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మూతి కొంచెం వంకర తిరిగింది గాని మాట పోలేదు. చావట్లో, ఏరు కనపడేటట్టు వేసిన పట్టెమంచం మీద పడుకుని ఉండేవారు. కొడుకు పొగాకు వ్యాపారం మీద కాకినాడలో ఉండేవాడు. కాబట్టి ఇల్లూ పొలమూ పనివాళ్లూ అంతా కామందుగారి భార్య చేతిమీదే నడిచేది. ఆవిణ్ణి పెద్దమ్మగారనేవాళ్లు. రేవులో ఉన్న పడవలు కూడా ఆ ఇంటివే. ఆవిడ సెలవు లేకుండా తాడు విప్పే మగాడు లంకలో లేడు.

నా భార్య రాజమండ్రిలో పుట్టింట్లో ఉంది. రెండో కానుపు. మొదటి కానుపప్పుడు నేను ఉద్యోగం వెతుక్కుంటూ కాకినాడలో ఉండిపోయాను. బిడ్డ మూడో రోజునే పోయాడు. నేను వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. వాడి మొహం కూడా నేను చూడలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఈసారి లంకకు బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఈసారైనా ఉంటారుగా?" అంది. "దసరాకి ముందే వచ్చేస్తాను, ఒట్టు," అన్నాను. పురుడు ఆశ్వయుజంలో రావచ్చని మంత్రసాని చెప్పింది. వినాయకచవితి వెళ్లగానే పడవెక్కాలని నా ఊహ.

ఆషాఢంలో ఏరు ఎర్రబడింది. రోజూ మధ్యాహ్నం చావట్లో పురాణం చెప్పే శాస్త్రులుగారు, వరదొస్తే ఇరుక్కుపోతానని ముందే ఒడ్డుకు చేరిపోయారు. బతకనేర్చిన మనిషి. అప్పటికే కామందుగారు అన్నం మానేశారు. ఎవరేం పెట్టబోయినా మొహం గోడవైపు తిప్పుకునేవారు. చూడటానికి వచ్చినవాడల్లా, "తమకేంటండీ, దసరాకల్లా లేచి పొలం తిరిగేస్తారు," అనేవాడు. ఆ మాట వినపడగానే ఆయన కళ్లు మూసుకునేవారు.

ఒకరోజు నేను చావట్లో కూర్చుని చరిత్ర పుస్తకం తిరగేస్తుంటే ఆయన చూపు అందులో ఉన్న బొమ్మ మీద పడింది.

"ఎవడయ్యా పంతులూ, ఆ గుర్రమ్మీద?"

"పరాసు దేశపు చక్రవర్తండి. ఫ్రెంచివాళ్ల రాజు. ఐరోపా అంతా జయించాడు."

ఆయన చాలాసేపు ఏరువైపు చూశారు. తరవాత, "చెప్పు," అన్నారు.

పెద్దమ్మగారు వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చేసింది. ఆయన నోరు తెరిచి ఒకటి కావాలని అడిగి ఎన్నాళ్లైందో. "చెప్పండి పంతులుగారూ. ఏ దేశపు రాజైతేనేం, రాజుగారి కథేగా, పుణ్యమే," అంది.

నేను పురాణం ఫక్కీలోనే ఎత్తుకున్నాను. "అనగా ఆ మహావీరుడు సముద్రమధ్యమందు ఒక లంకలో జన్మించెను," అనేసరికి, గుమ్మం దగ్గర చుట్ట దాచుకుని కూర్చున్న పడవవాడు, "అయితే మనోడేనండి!" అని తొడ చరిచాడు. చిన్నప్పుడే ఒడ్డుకు పంపి పరాసు బళ్లో వేస్తే, తోటిపిల్లలు యాస చూసి వెక్కిరించారన్నాను. ఆ సంగతి లంకవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. రాజమండ్రి బజార్లో వాళ్లకు జరిగే మర్యాదా అదే. అక్కడినుంచి ఫిరంగులు, కొండలు, ఎడారులు, గుర్రాలు. ఇవాళ ఇటలీ, రేపు ఈజిప్టు. దొర్లిపోయిన కిరీటాలు ఏరుకోవడానికి బుట్టలు చాలలేదన్నాను. ఆ మాట పుస్తకంలో లేదు. నా సొంతం.

పెద్దమ్మగారు కంచం పట్టుకుని మంచం పక్కన కూర్చునేది. ఒక కోట పడితే ఒక ముద్ద. అదీ ఆవిడ పెట్టుకున్న పద్ధతి. కోట పడింది అనగానే చావట్లో జనం "ఆహా" అనేవాళ్లు. ఆయన నోరు తెరిచేవారు. ఆవిడ ముద్ద పెట్టేసేది. పొద్దున్నే నన్ను పెరట్లోకి పిలిచి రహస్యంగా అడిగేది, "ఇవాళ ఎన్ని కోటలండీ?" అని. తక్కువైతే నేను ఒక కోటను రెండు చేసేవాణ్ణి. ఆ రోజుల్లో ఐరోపాలో లేని కోటలు చాలా పడిపోయాయి. పాపమైతే ఆ అన్నం మెతుకులే నన్ను కాపాడాలి.

ఆయన తేరుకున్నారు. బుగ్గలు నిండాయి. నాకు గర్వం పట్టుకుంది. నా కథకోసం పక్కలంకలోంచి కూడా జనం వస్తున్నారు మరి!

చక్రవర్తికి పట్టాభిషేకమని ముందురోజే చెప్పాను. మర్నాడు చావడికి మామిడాకులు కట్టారు. పానకం, వడపప్పు సిద్ధం. హారతి పళ్లెంలో కర్పూరం పెట్టుకుని పెద్దమ్మగారు కొత్త చీరలో నిలబడింది. నేను వర్ణించి వర్ణించి చెప్పాను. మతగురువుగారు కిరీటం పట్టుకుని రాగా, చక్రవర్తి దాన్ని అందుకుని తన నెత్తిన తానే పెట్టుకున్నాడన్నాను. జనం కొంచెం నొచ్చుకున్నా సర్దుకున్నారు. ఆవిడ కర్పూరం వెలిగించబోయింది.

అప్పుడు నోరు మూసుకుని మంగళం పాడేస్తే అయిపోయేది. శ్రావణం ఇంకా రానేలేదు. హాయిగా సెలవు తీసుకుని నా భార్య దగ్గరికి వెళ్లిపోయేవాణ్ణి. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"అప్పుడే హారతేంటండీ పెద్దమ్మగారూ? అసలు కథ ఇప్పుడేగా మొదలు!" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "పట్టాభిషేకం అయ్యాక కథేంటి నాయనా?"

"చాలా ఉందండి. ఇంకా పెద్ద పెద్ద రాజ్యాలు జయిస్తాడు."

"పట్టాభిషేకం దాటించి ఇంట్లో ఎవరైనా చెబుతారా?"

కామందుగారు మంచం మీదినుంచి వంకరమూతితో చిన్నగా నవ్వారు. "దాటాడుగా. చెప్పనీ," అన్నారు.

ఆవిడ పళ్లెం లోపల పెట్టేసి వచ్చింది. వస్తూ నాతో ఒకే మాట అంది. "అయితే మళ్లీ పట్టం కట్టేదాకా ఆపకూడదండి. ఎక్కడపడితే అక్కడ వదిలేస్తే ఈ ఇంటికీ మంచిది కాదు, చెప్పిన మీకూ మంచిది కాదు." అలాగేనండి అన్నాను. పట్టాభిషేకానికేం కొదవ, అనుకున్నాను.

కొన్నాళ్లు బాగానే సాగింది. తరవాత చక్రవర్తి పిల్లలు లేరని పెద్దభార్యను వదిలేసి ఒక రాజకుమారిని కట్టుకున్నాడు. ఆ మాట చెప్పగానే ఆడవాళ్లంతా ఒక్కసారి మెటికలు విరిచారు. "వాడి పుట్టి మునిగిందన్నమాటే," అంది పెద్దమ్మగారు. "కట్టుకున్నదాని ఉసురు ఊరికే పోతుందా? పడతాడు చూడండి." ఐరోపా చరిత్రకారులు ఎన్ని కారణాలు రాశారో! ఆవిడకు ఇదొక్కటే చాలింది.

సరిగ్గా అప్పుడే వరదొచ్చింది. తెల్లారేసరికి పొలాలు లేవు. పశువుల్ని గట్టెక్కించారు. ఇల్లు మెరకమీద ఉంది గనక నీళ్లు మెట్లదాకా వచ్చి ఆగాయి. చూరులో పాములు. పొయ్యిలోకి ఎండిన పుల్ల లేదు. ఎటు చూసినా ఎర్రటి నీళ్లు, వాటి మీద కొట్టుకొచ్చే పాకలూ, తాటిదుంగలూ, ఒకసారి ఖాళీ ఉయ్యాల. అది పైనుంచి కొట్టుకొచ్చింది. పైనే నా భార్య ఉంది.

నీళ్లమధ్య కూర్చుని నేను చక్రవర్తిని రుష్యాకు తీసుకువెళ్లాను. మంచు అంటే వాళ్లకు తెలియదు. "మాఘమాసంలో పడే పొగమంచేనా?" అన్నారు. "కాదండి. వడగళ్లు గోదారంత వెడల్పున, మోకాలి లోతున పరిచినట్టుంటుంది," అన్నాను. రుష్యావాళ్లు తమ రాజధానిని తామే తగలబెట్టుకుని పోయారంటే ఎవరూ నమ్మలేదు. తిండి లేక, గడ్డి లేక, చలికి గుర్రాలూ మనుషులూ దారిపొడుగునా రాలిపోవడం చెప్పాను. ఏరు దాటేటప్పుడు వంతెన మీద తొక్కిసలాడి వేలమంది నీళ్లలో పడ్డారనేసరికి పడవవాడు మండిపడ్డాడు. "అంతమందిని ఒక్కపాలి ఎక్కించినోడెవడండీ? రేవుకాడ పెద్ద లేడా? ఏం చక్రవర్తండీ ఆయన!"

కోటలు పడటం లేదు గనక ముద్దలూ తగ్గాయి. పెద్దమ్మగారు కంచం పట్టుకుని నావైపు చూసేది. నేను తల దించుకునేవాణ్ణి. రాజులందరూ కలిసి చక్రవర్తిని దించేసి ఒక చిన్న లంకలో పెట్టారని చెప్పిన రోజున ఆవిడ కంచం అలాగే లోపలికి తీసుకుపోయింది.

వరద తీసింది. వినాయకచవితి బురదలోనే అయిపోయింది. నేను రేవుకు వెళ్లి, "దాటించగలవా?" అని పడవవాణ్ణి అడిగాను.

"ఆయ్, ఎందుకు దాటించనండి? అమ్మగారి సెలవైందాండి?"

ఆవిణ్ణి అడిగాను. నా భార్య సంగతి ఆవిడకు మొదటినుంచీ తెలుసు. మొదటి బిడ్డ సంగతీ తెలుసు. కోప్పడలేదు. కోప్పడితే నేనూ కోప్పడేవాణ్ణి. చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"రాజు లంకలో ఖైదులో ఉన్నాడు. ఈయన మంచంలో ఉన్నారు. మీ ఇంట్లో పురుడు. ఇప్పుడు కథ ఆపి పోతారా పంతులుగారూ? నా కోసం కాదండి, మీ ఇంటి దీపం కోసం చెబుతున్నాను. ఆయన్ని మళ్లీ గద్దెక్కించి, మంగళం పాడి, చల్లగా వెళ్లండి. నేనే పడవెక్కిస్తాను."

"ఇవాళే గద్దెక్కిస్తానండి!"

"ఇవాళ ఆయనకి జొరం. విననివాళ్ల ముందు పట్టాభిషేకం ఎలా చేస్తారు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోట్లాడి ఈదుకుంటూ పోవచ్చు కదా అని మీరనచ్చు. భూమి గుండ్రంగా ఉందని పిల్లలకు చెప్పినవాణ్ణే, గ్రహణం ఎందుకు పడుతుందో దీపమూ నిమ్మకాయా పెట్టి చూపించినవాణ్ణే. అయినా నాకు భయం. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చచ్చేంత భయం. కథ ఖైదులో వదిలేసి వెళ్లి, అక్కడ ఏమైనా జరిగితే? ఒక బిడ్డను పోగొట్టుకున్నవాడికి చదువు అక్కరకు రాదు. లంకచుట్టూ నీళ్లున్నాయి, వాటి చుట్టూ ఆవిడ మాట ఉంది, దాని చుట్టూ నా భయం ఉంది. ఇంగ్లీషువాళ్లకు కూడా ఇంత కట్టుదిట్టమైన ఖైదు కట్టడం చేతకాదు.

ఆయన జ్వరం తగ్గలేదు. రోజూ పొద్దున్నే మంచం దగ్గరికి వెళ్లేవాణ్ణి. కళ్లు తెరిచేవారు కాదు. రోజూ రేవుకు పోయేవాణ్ణి. "అమ్మగారి సెలవైందాండి?" అనేవాడు పడవవాడు. వాడి మీద అరిచాను. పిల్లల మీద అరిచాను. ఒకరోజు ఏటి మీదా అరిచాను. మహాలయ అమావాస్య దగ్గర పడింది. పడవవాడు పొగాకు వేసుకుని రాజమండ్రి వెళ్లొచ్చి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మీ అత్తోరు కబురెట్టారండి. నెలలు నిండిపోయాయంట. కాళ్లకి బాగా నీరొచ్చిందంట. అమ్మాయిగారు రోజూ వీధరుగు మీదే కూకుంటన్నారంట, మీరొత్తారని."

నేను చావట్లోకి పరిగెత్తాను. ఆ మధ్యాహ్నం కామందుగారు కళ్లు తెరిచి ఉన్నారు. మనిషి బాగా తీసిపోయారు. నన్ను చూసి, "ఏడయ్యా మీవాడు? ఇంకా లంకలోనే ఉన్నాడా?" అన్నారు.

"లేడండి! వచ్చేస్తున్నాడు!" అని ఊపిరి తిప్పుకోకుండా మొదలుపెట్టాను. చక్రవర్తి కాపలావాళ్ల కన్నుగప్పి పడవెక్కాడు. గుప్పెడుమందితో ఒడ్డున దిగాడు. పట్టుకోమని కొత్త రాజు సైన్యాన్ని పంపాడు. చక్రవర్తి తుపాకులకు ఎదురుగా నడిచివెళ్లి కోటు గుండీలు విప్పి, "నన్ను చంపదలిచినవాడెవడో కాల్చండి," అన్నాడు. ఒక్కడూ కాల్చలేదు. అందరూ కన్నీళ్లతో కాళ్లమీద పడ్డారు. రాజధానిలో జనం ఆయన్ని భుజాలమీద మోసుకుని మెట్లెక్కించారు. చావడి దద్దరిల్లిపోయింది. పడవవాడు లేచి గంతులేశాడు. పెద్దమ్మగారు లోపలికి పరిగెత్తి హారతి పళ్లెం తెచ్చింది. కర్పూరం వెలిగింది. నేను రెండు చేతులూ జోడించి మంగళం ఎత్తుకున్నాను.

"ఆగు," అన్నారు కామందుగారు.

అందరూ ఆగారు.

"ఇక్కడితో అవలేదు. ఇంకో యుద్ధం ఉంది. చెప్పు."

"తమకెలా తెలుసండీ?"

"దాని జీళ్లు తిన్నాను గనక."

ఆయన మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పారు. పన్నెండు పదమూడేళ్లప్పుడు తండ్రితో కలిసి పడవమీద యానాం వెళ్లారట. ఆ చక్రవర్తి ఏలినన్నాళ్లూ యానాం ఇంగ్లీషువాళ్ల చేతుల్లో ఉంది. ఆయన పడ్డాకే మళ్లీ పరాసులకొచ్చింది. ఆ రోజు జెండా ఎత్తారు, ఫిరంగి పేల్చారు, పిల్లలందరికీ బెల్లం జీళ్లు పంచారు. ఎందుకని అడిగితే ఒక గుమాస్తా, "మా పాత రాజులు గద్దెక్కారు. ఆ చక్రవర్తిని రెండోసారి యుద్ధంలో ఓడగొట్టి సముద్రంలో లంక మీద పడేశారు," అన్నాడట.

"పళ్లకు జీడి అతుక్కుపోయింది. ఇంటికొస్తూ మా నాన్నని అడిగాను, ఆ లంకలో ఆయనకి పడవ లేదా అని. మా నాన్న నవ్వాడు. అప్పట్నించీ అడుగుదామంటే తెలిసినవాడు తగల్లేదు. నువ్వు ఆ బొమ్మ తీసిన రోజునే అడుగుదామనుకున్నాను. చూద్దాం, నీ అంతట నువ్వు చెబుతావేమోనని ఊరుకున్నాను. చెప్పు పంతులూ. ఎలా పోయాడు?"

"వద్దండీ!" అంది పెద్దమ్మగారు. "మంచం దగ్గర ఆ మాటలొద్దు. పంతులుగారూ, చెప్పకండి. మీ ఇంటావిడ నెలలు నిండి ఉంది."

నేను గోడకానుకుని నిలబడ్డాను. ఆవిడ అన్నదే నా భయం కూడా. హారతి ఇంకా మండుతోంది.

కామందుగారు ఎడమచెయ్యి చాచి ఆవిడ మణికట్టు పట్టుకున్నారు. "దసరాకి లేచి తిరుగుతానని ఇంతమంది చెబుతారు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఇంట్లో ఒక్కళ్లూ నాతో నిజం మాట్లాడరు. పోనీ వాడెవడో పోయిన సంగతైనా నా ముందు చెప్పనీ."

ఆవిడ గొంతు పగిలినట్టు ఏడ్చింది. జనమందరి ముందూ ఆవిడ ఏడవడం అదే మొదటిసారి. తరవాత పళ్లెం కింద పెట్టి, ఆయన పడిపోయిన కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "చెప్పండి," అంది నాతో.

చెప్పాను. వాన కురిసిన మర్నాడు ఫిరంగి బళ్లు బురదలో దిగబడిపోయిన యుద్ధం చెప్పాను. ఒక్కరోజులో అంతా పోయిందన్నాను. ఈసారి ఇంగ్లీషువాళ్లు ఆయన్ని ఎవరూ ఈదలేనంత దూరపు లంకకు తీసుకుపోయారు. ఎత్తయిన రాళ్లు, కింద సముద్రం. చెమ్మ ఎక్కిన ఇల్లు, ఎలుకలు. మనిషి ఉన్నాడో లేడో రోజూ ఒక సిపాయి వచ్చి చూసుకునిపోయేవాడు. మొదట్లో గుర్రమెక్కేవాడు, తరవాత నడిచేవాడు, తరవాత అదీ మానేశాడు. కూర్చుని తను గెలిచిన యుద్ధాలే మళ్లీ మళ్లీ చెప్పుకునేవాడు. కడుపులో జబ్బు పుట్టింది. పురాణం ఫక్కీ నా నోట్లోంచి ఎప్పుడో పోయింది. మామూలు మాటల్లో చెబుతున్నాను.

"పెళ్లాం వచ్చిందా?"

"రాలేదండి."

"కొడుకున్నాడుగా?"

"ఉన్నాడండి. తాతగారింట్లో పెరిగాడు. తండ్రిని చూడనివ్వలేదు. ఆ కుర్రాడి బొమ్మొకటి పెట్టుకుని చూస్తుండేవాడట."

చూడని నా పిల్లవాడు గుర్తొచ్చాడు. వీధరుగు మీద కూర్చున్న మనిషి గుర్తొచ్చింది.

"పడవ వచ్చిందా మరి?" అన్నారాయన.

"వచ్చిందండి. పోయిన చాన్నాళ్లకి. శవాన్ని తీసుకెళ్లడానికి."

కామందుగారు ఏరువైపు చూశారు. ఆయన మొహంలో బాధ లేదు. మోస్తున్న బరువు దింపుకున్నవాడిలా ఉన్నారు. తరవాత నావైపు తిరిగారు.

"ఆయనకి పడవ లేక ఉన్నాడు. నువ్వెందుకున్నావయ్యా ఇక్కడ?"

పెద్దమ్మగారి వైపు చూశాను. గుమ్మం దగ్గర పడవవాడూ ఆవిడవైపే చూస్తున్నాడు. హారతి ఆరిపోయింది. మంగళం లేదు, పట్టాభిషేకం లేదు, కథ చావు దగ్గర ఆగింది. ఆవిడ ఆయన కాలిమీదినుంచి చెయ్యి తియ్యకుండానే తలెత్తింది.

"ఇంకా నిలబడ్డావేంట్రా?" అంది పడవవాడితో. "తాడు విప్పు."

దండం పెట్టడం కూడా మరిచిపోయి పరిగెత్తాను. పడవలో సగం దూరం వచ్చాక వెనక్కి చూస్తే, చావట్లో మంచం చిన్నదిగా కనపడింది. ఒడ్డున దిగి, దొరికిన ఎద్దుబండి ఎక్కి, అది నత్తలా నడుస్తుంటే దిగి నడిచి, మర్నాడు పొద్దుటికి రాజమండ్రి చేరాను. వీధి చివరినుంచే కనపడింది. అరుగుమీద, గోడకు చేరబడి, కాళ్లు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయి లేవలేక, "వచ్చారా," అంది. అంతే. నేను వీధిలోనే ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. చూసినవాళ్లు ఏమనుకున్నా సరేనని ఏడ్చాను.

దసరా రోజుల్లోనే నొప్పులొచ్చాయి. ఒక రాత్రీ ఒక పగలూ నేను ఆ అరుగు వదల్లేదు. మంగళం పాడని కథ నన్ను అణువణువునా తినేసింది. చివరికి లోపలినుంచి గుక్కపట్టిన ఏడుపు వినపడింది. ఆడపిల్ల. మూడో రోజు గడిచింది. నాలుగోదీ గడిచింది. పిల్ల ఏడుస్తూనే ఉంది.

పురుడు ఇంకా వెళ్లకముందే ఒక మధ్యాహ్నం పడవవాడు వచ్చాడు. చేతిలో చిన్న తాటాకు బుట్ట.

"పెద్దాయన వెళ్లిపోయారండి. దసరా ఎల్లిన మర్నాడు. ఆఖర్న అమ్మగారే పక్కన కూకుని మంగళం పాడేరండి. కథ పూర్తిగా విన్నారుగా, పాడితే తప్పులేదన్నారు. ఆయన వింటానే పోయారండి." వాడు బుట్ట అరుగు మీద పెట్టాడు. "ఇయ్యి మీకిమ్మన్నారంట. పెద్దాయన ముందే చెప్పి చేయించారంట."

బుట్టలో బెల్లం జీళ్లున్నాయి. మైల ఉన్న ఇంటినుంచి తీపి పంపకూడదని పెద్దమ్మగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా పంపింది.

మా అత్తగారు గుమ్మంలోంచే అడ్డు చెప్పింది. "చావింటి సరుకు పురిటింట్లోకి తెస్తారా ఎక్కడైనా? గోదాట్లో కలిపేసి రండి!" అత్తగారితో వాదించే వయసు కాదు నాది. నేనూ పడవవాడూ వీధిలోనే, కిటికీ పక్కన గోడనీడలో నిలబడి తినడం మొదలుపెట్టాం. జీళ్లు పళ్లకు అతుక్కుపోయాయి. ఇద్దరం ఏడుస్తూనే నమిలాం.

కిటికీ లోపలినుంచి నా భార్య గొంతు వినపడింది. "ఏంటండీ తింటున్నారు?"

"జీళ్లు."

"ఎవరిచ్చారు?"

"నన్ను నీ దగ్గరికి పంపించినాయన."

ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. అత్తగారు చూడకుండా అందులో ఒక జీడి పెట్టాను.